నడవడానికి తగిన ప్రయాణ ఏర్పాట్లు

ఇబ్రహీంపట్నం నియోజకవర్గ ప్రజల కష్టాలు తీరేందుకుగాను తాను స్పెయిన్ దేశంలో పాదయాత్ర చేయబోతున్నట్టు ప్రముఖ రియల్టర్, పార్టీ కార్యదర్శి హేమచంద్ర గారు ప్రకటించారు.

ఇక్కడి కష్టాలకు స్పెయిన్‌లో నడవడమేమిటని ఒక విలేకరి అడిగాడు. పాపం, వృత్తికి కొత్త.

"ఇక్కడి రోడ్లన్నీ మిగతా పార్టీల వాళ్లు నడిచేశారయ్యా! ఇంకొకడు నడిచిన రోడ్డు మీద నడిస్తే ఎంగిలి కాదూ?" అని సార్ ఓపిగ్గా వివరించారు.

స్పెయిన్‌లో యాకోబు అపొస్తలుని సమాధి ఉంది. భక్తులు దేశదేశాల నుంచి వచ్చి అక్కడికి నడిచి వెళ్తారు. కనీసం చివరి వంద కిలోమీటర్లు నడిచి, దారి పొడవునా కాఫీ హోటళ్లలో, చర్చీల్లో కార్డు మీద ముద్రలు వేయించుకుంటే సర్టిఫికెట్ ఇస్తారు. నియోజకవర్గంలో క్రైస్తవ ఓట్లు ఎన్నున్నాయో కనుక్కున్న రోజు నుంచే సార్‌కు యాకోబు మీద భక్తి కుదిరింది. అసెంబ్లీ టికెట్ కోసం అని గిట్టనివాళ్లు అంటారు. నేనలా అనను.

నాది ఇబ్రహీంపట్నం బస్టాండు ఎదుట టికెట్ బుకింగ్, జిరాక్స్ షాపు. అంతవరకు షిర్డీ దాటి టికెట్ కొట్టిన పాపాన పోలేదు. అలాంటి నాకు అంతర్జాతీయ బాధ్యత అప్పగించి సార్ స్థానికులను ఎలా ప్రోత్సహిస్తారో చూపించారు. సిటీలో ఏజెంట్లు డబ్బు ముందే అడుగుతారన్న సంగతి నాకు తర్వాత తెలిసింది.

బొంగులూరు దగ్గర సార్ వెంచర్ ఆఫీసులో ప్లానింగ్ మీటింగ్ పెట్టారు. సార్, ఆయన కుడిభుజం హన్మంత్, నా లాప్‌టాప్, జీడిపప్పు.

"శంషాబాద్ నుంచి దుబాయ్, దుబాయ్ నుంచి మాడ్రిడ్ సార్. అక్కడి నుంచి రైలు. రైలు దిగాక బస్సు. బస్సు సారియా అనే ఊళ్లో దింపుతుంది. నడక అక్కడే మొదలు" అన్నాను.

"విమానంలో కాళ్లు చాపుకునే సీట్లేగా? ఆ కాళ్లే మన పెట్టుబడి."

"బిజినెస్ క్లాసు సార్."

"రైలు దిగాక బస్సా? బస్సు వద్దు, కారు పెట్టు. సరే, హోటల్ నుంచి నడక మొదలయ్యే చోటు ఎంత దూరం?"

"అర కిలోమీటరు సార్. నడిచి వెళ్లొచ్చు."

సార్ జీడిపప్పు కింద పెట్టేశారు.

"బుద్ధుందా నీకు? యాత్ర మొదలుకాక ముందే నడిస్తే ఆ నడక ఎవడి ఖాతాలోకి పోతుంది? దానికీ కారు పెట్టు."

ఇలాంటి ముందుచూపు నాయకులకే ఉంటుంది. నాలాంటి వాళ్లం ఊరికే నడిచేస్తాం, ఫొటో కూడా తీయించుకోం.

అప్పుడే తలుపు తోసుకుని, వెంచర్ అవతలి గూడెంలో ఉండే సీమోను వచ్చాడు. వెనకే అతని తల్లి ఈదమ్మ, కూతురు భాగ్య. భాగ్య మా ఊళ్లో డిగ్రీ రెండో సంవత్సరం. నోట్సు జిరాక్సులకు నా దగ్గరికే వస్తుంది. వాళ్ల గూడెం మెయిన్ రోడ్డు నుంచి నాలుగు కిలోమీటర్లు లోపలికి. మొన్నమొన్నటి దాకా పొద్దున, సాయంత్రం గూడెం దాకా బస్సు పోయేది. ఆ దారి మొదట్లోనే సార్ తన వెంచర్‌కు ఆర్చి కట్టించారు. రెండు వైపులా ఏనుగులు, పైన తామరపువ్వు, అన్నీ కుదిరాయి. ఎత్తే కుదరలేదు. ఆర్చి కింద కారు పడుతుంది, బస్సు పట్టదు. కొనేవాళ్లు కార్లలో వస్తారు కాబట్టి ఇంజనీరుకు బస్సు సంగతి తట్టలేదట.

"సార్, గా ఆర్చి జర ఎత్తు చేయిస్తే బస్సొస్తది" అన్నాడు సీమోను. "పిల్ల కాలేజి నుంచి వచ్చేసరికి పొద్దు గూకుతది. ప్లాట్లల్ల తాగుబోతులు కూసుంటున్రు. పోయిన వారం ఇద్దరు ఎంటవడ్డరు. నేను వాచ్‌మన్ డ్యూటీల ఉంటి. ఈ నెల సూస్త సార్. బస్సు రాకుంటే సదువు బంద్ చేయాల్సిందే."

భాగ్య నేల చూపులు చూస్తూ నిలబడింది. ఆ పిల్లకు చదువు మానడం ఇష్టం లేదని చెప్పడానికి జ్యోతిష్కుడు అక్కర్లేదు.

"సీమోనూ, నువ్వు క్రైస్తవుడివి. నేను చెప్పాలా?" సార్ కుర్చీలో వెనక్కి వాలారు. "యాకోబు గారు బస్సెక్కి తిరిగాడా?"

"ఆయన కాలంల ఆర్చి గూడ లేకుండె సార్."

హన్మంత్ దగ్గాడు. సార్ మాత్రం మహానుభావులు గనక నవ్వేశారు.

"సరే. నా ప్రయాణం రోజున మీ గూడెం మొత్తం ఎయిర్‌పోర్టుకు రావాలి. బస్సు నేనే పెడతా. విమానం ఎక్కేముందు మీ ఆర్చి సంగతి మైకులో ప్రకటిస్తా."

"మాట తప్పవు గద బిడ్డా?" అంది ఈదమ్మ.

"అమ్మా, నడవబోతున్నవాణ్ని. అబద్ధమాడతానా?"

ఆ రోజు రానే వచ్చింది. గూడెం జనమంతా తెల్లవారుతూనే ఆర్చి దాకా నడిచి వచ్చి బస్సెక్కారు. మోకాళ్ల నొప్పులున్న ఈదమ్మ కూడా వచ్చింది. తలా ఒక జెండా ఇచ్చారు. ఎయిర్‌పోర్టులో మైకు పెట్టనివ్వరని అక్కడికి వెళ్లాక తెలిసింది. సార్ మెడనిండా దండలతో గాల్లో రెండు వేళ్లు ఊపి, లోపలికి వెళ్లిపోయారు.

"సార్, ఆర్చి!" అని సీమోను అరిచాడు.

పక్కన ఉన్న కార్యకర్తలు అదేదో కొత్త నినాదం అనుకుని "ఆర్చి! ఆర్చి!" అని అందుకున్నారు.

బస్సు తిరిగొచ్చి జనాన్ని ఆర్చి ముందు దింపేసింది. "లోపలికి పట్టదు, దిగున్రి" అన్నాడు డ్రైవరు. మిట్టమధ్యాహ్నం, ఏప్రిల్ నెల. జెండాలు నెత్తిన కప్పుకుని నాలుగు కిలోమీటర్లూ నడిచారు. ఈదమ్మను ఒకవైపు సీమోను, ఒకవైపు భాగ్య పట్టుకున్నారు. ప్లాటు చూసుకోవడానికి వచ్చిన ఒక విలేకరికి ఆ దృశ్యం కంటబడింది. మర్నాడు పేపర్లో పెద్ద ఫొటో: 'అక్కడ నేత, ఇక్కడ జనం! మండుటెండలో సంఘీభావ పాదయాత్ర'.

యాత్ర ముగించుకుని సార్ సర్టిఫికెట్‌తో తిరిగొచ్చారు. హన్మంత్ మాత్రం కుంటుతూ వచ్చి నా షాపులో స్టూలు మీద కూలబడ్డాడు.

"ఏమన్నా, కాళ్లకేమైంది?"

"బొబ్బలు. సార్ కార్డు, నా కార్డు రెండు పట్టుకోని ముద్రలేయించుకుంట నడిసినోన్ని నేను. సార్ కార్ల ముందుగాల పోయి హోటల్ల పండేటోడు. ఊరు దగ్గరవడంగనే దిగి ఫొటో. నా సర్టిఫికెట్ గూడ ఆయన దగ్గర్నే ఉంది, ఫ్రేము కట్టిస్తడంట."

నాయకుడికి ప్రజల కాళ్లే కాళ్లు అని ఉపన్యాసాల్లో వింటుంటాం. ప్రత్యక్షంగా చూడడం అదే మొదటిసారి.

సన్మానం ఆర్చి పక్కనే ఉన్న క్లబ్‌హౌస్‌లో జరిగింది. బస్సు డిపో నుంచి ఒక పెద్ద అధికారి కూడా వేదికెక్కాడు. అది చూసి సీమోను ముఖం వెలిగింది. "అధికారినే పిలిపించిండు. పనైతది" అని నా చెవిలో అన్నాడు.

సార్ మైకు అందుకున్నారు. పేపరు ఫొటోను ఫ్లెక్సీ వేయించి వెనక కట్టారు. అందులో ఈదమ్మ ముఖం మనిషంత ఎత్తున ఉంది, నొప్పితో పళ్లు బిగించి. దూరం నుంచి చూస్తే నవ్వుతున్నట్టే ఉంది.

"ఈ తల్లి నడిచింది చూడండి! ఎవరైనా అడిగారా? లేదు. భక్తితో నడిచింది! అందుకే ఈ ఆర్చి నుంచి గూడెం దాకా ఉన్న దారికి 'పాదయాత్ర మార్గ్' అని పేరు పెడుతున్నాను. దీని పవిత్రత కాపాడేందుకు మా వెంచర్ కార్లు మినహా వాహనాలు నిషేధం. ఇక ఆర్చి ఎత్తు పెంచే ప్రశ్నే లేదు. గూడెం వైపు కూడా ఇంకొకటి కడతాం!"

చప్పట్లు మారుమోగాయి. డిపో అధికారి లేచి, ప్రజల మనోభావాలను గౌరవిస్తూ ఆ రూటును శాశ్వతంగా రద్దు చేశామని ప్రకటించాడు.

తర్వాత భాగ్యను వేదిక మీదికి పిలిచారు. 'యువ పాదచారిణి' అని శాలువా కప్పారు. తాను స్పెయిన్‌లో వంద కిలోమీటర్లు నడిచిన బూట్లంటూ సార్ ఒక డబ్బా ఆ పిల్ల చేతిలో పెట్టారు. భాగ్య మూత తీసి, ఒక బూటు తిరగేసి చూసింది. బూటు అడుగున కంపెనీ వాళ్లు అంటించిన ధర చీటీ నలగకుండా మెరుస్తోంది. ఆ పిల్ల దాన్ని మళ్లీ డబ్బాలో పెట్టేసి మైకు దగ్గరికి వెళ్లింది.

"సార్, రేపు కాలేజికి ఎట్ల పోవాలె?"

"నడిచి!" అన్నారు సార్ పిడికిలెత్తి. హాలంతా "నడిచి!" అని గర్జించింది.

సీమోను వేదిక ఎక్కి కూతురి చెయ్యి పట్టుకుని కిందికి దింపాడు. "ఇగ చాలు బిడ్డా. రేపటి సంది పోకు" అన్నాడు. భాగ్య ఏడ్చింది. శాలువాతో కళ్లు తుడుచుకుంటుంటే విలేకరులు ఆనందబాష్పాలని రాసుకున్నారు. అవి ఆనందబాష్పాలు కావని చెప్పబోయాను. కానీ నా టికెట్ల డబ్బులు ఇంకా సార్ దగ్గరే ఉన్నాయి గనక నోరు మూసుకున్నాను.

సభ అయ్యేసరికి పొద్దు వాలింది. సార్ కారు, అధికారి కారు, విలేకరుల కార్లు ఒక్కొక్కటే కదిలాయి. సీమోను, భాగ్య, ఈదమ్మ ముగ్గురూ ఆర్చి కింద నుంచి గూడెం వైపు నడక మొదలుపెట్టారు. సార్ కారు అద్దం దించి చూసి, చేతులెత్తి చప్పట్లు మొదలుపెట్టారు. బయటికొచ్చిన జనమంతా అక్కడే నిలబడి, వాళ్లు కనుమరుగయ్యేదాకా చప్పట్లు కొడుతూనే ఉన్నారు.