వాషింగ్ మెషీన్‌ను మింగిన మామగారు

"నా బూట్లు ఎవరో మార్చేశారు!" అని మామగారు పొద్దున్నే గుమ్మంలో కూర్చుని గొడవకు దిగారు.

"బూట్లు అవే. మీ పాదాలే మారాయి," అన్నారు అత్తగారు.

కోడలికి ఆ పంచాయితీ వినే తీరిక లేదు. ఉతికి ఉతికి ఆమె మణికట్లు పీకుతున్నాయి. సాయంత్రం వాషింగ్ మెషీన్ కొనాల్సిందేనని పట్టుబట్టి భర్తను ఒప్పించింది. తీరా చూస్తే మామగారి పాదాలు నిజంగానే దిండ్లలా ఉబ్బి ఉన్నాయి. షాపుకు వెళ్లాల్సినవాళ్లు ఆస్పత్రికి వెళ్లారు.

పాదాల డాక్టరు నీరు పోవడానికి మాత్ర రాశాడు. నీరు పోవడం మొదలైంది. మామగారు బాత్రూము గడియ మీద నుంచి చెయ్యి తీయడం లేదు. దానికి ఇంకో డాక్టరు ఇంకో మాత్ర రాశాడు. ఆ పరుగు తగ్గింది గానీ, నోరెండిపోయి కడుపు బిగుసుకుంది. కడుపు కోసం మూడో డాక్టరు సీసా మందు రాశాడు.

"ఈ నెల కూడా మెషీన్ లేనట్టేనా?" అంది కోడలు.

"ఉంది. నాన్న కడుపులో ఉంది," అన్నాడు భర్త, మందుల సంచీ అందిస్తూ.

ఆమె నడుం బిగించింది. ఆ సంచీతో, మామగారితో డాక్టర్ల చుట్టూ తిరిగింది.

"ఇవన్నీ నేను రాసినవి కావమ్మా, రాసినవాళ్లనే అడగండి," అన్నాడు మూడో డాక్టరు. రెండో ఆయనదీ అదే పాట. పాదాల డాక్టరైతే, "అసలీ వాపు ఎందుకొచ్చిందంటారు?" అని ఆమెనే అడిగాడు.

చివరికి ఎప్పటినుంచో రక్తపోటుకు మందిస్తున్న పాత డాక్టరు బల్ల మీద సంచీ బోర్లించింది.

"ఒక్కటైనా తీసేదాకా నేను లేవను."

ఆయన మామగారి పాదాలు నొక్కి చూశాడు. "ఈ వాపు పోయిన నెల నేను మార్చిన మాత్ర వల్లే."

"మరి చెప్పలేదే!"

"మళ్లీ వచ్చి చూపించమన్నాను. మీరు రాలేదే!"

ఆయన ఆ మాత్ర మార్చి, మిగతా ముగ్గురితో ఫోన్లో మాట్లాడి వాళ్ల మందులన్నీ ఆపించాడు. కొద్దిరోజుల్లో వాపు తగ్గింది. కోడలు మెషీన్ రంగు కూడా ఎంచుకుంది.

ఆదివారం భోజనాల దగ్గర మామగారు కంచం ముట్టుకోలేదు.

"పార్కులో మావాళ్లు గుప్పెడేసి మాత్రలు మింగుతున్నారు. నాకు ఒక్కటేనంటే జాలిగా చూస్తున్నారు. ఒక్క మాత్ర రాసి పంపేవాడు ఏం డాక్టరు? రేపు పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్తున్నా!"

"నాలుగు స్కానింగులు కూడా తీయించుకోండి. మీవాళ్లకి చూపించుకోవచ్చు," అన్నారు అత్తగారు.



"నేనూ వస్తాను మామయ్యా," అంది కోడలు. "ఏ మందు రాసినా, ఎందుకో చెప్పేదాకా అక్కడా లేవను."

భోజనాలయ్యాక ఆమె బట్టలు నానబెట్టింది.