హిల్డాకు అండగా నిలబడిన ఊరు

నెదర్‌కూంబ్ గ్రామం హిల్డా పెంగెల్లీకి అండగా నిలబడిందని ఇందుమూలంగా యావన్మంది ఇంగ్లండు ప్రజలకూ తెలియజేయడమైనది. నిలబడటంలో ఆ ఊరికి ఆ ఊరే సాటి.

హిల్డా పని కూడా నిలబెట్టడమే. పొద్దున్నే బస్సెక్కి పక్క ఊళ్ళకు పోయి, మంచం దిగలేని ముసలివాళ్ళను లేపి నిలబెట్టి, స్నానం చేయించి, టీ కాచి ఇస్తుంది. ఆమెకు కారు లేదు. ఎక్కేవాళ్ళు లేరని ఆ బస్సు తీసేస్తామన్నారు జిల్లావాళ్ళు. మంగళవారం ఉదయం అధికారి వచ్చినప్పుడు స్టాపులో జనం నిలబడి ఉంటే సరి, లేకపోతే బస్సు లేనట్టే.

ఊరు భగ్గుమంది. గ్రామసంఘం అధ్యక్షుడు రూపర్ట్ హాస్వెల్ గారు సభ పెట్టి, నిమ్మకాయ కేకు సాక్షిగా గర్జించారు: "హిల్డా ఒంటరిది కాదు. ఊరు ఊరంతా ఆమె పక్కన నిలబడుతుంది." ప్రతి కిటికీలోనూ ఆ మాటే అచ్చేసిన కాగితం వెలిసింది. కుక్కల మెడలకు కూడా పచ్చ రిబ్బన్లు కట్టారు. హిల్డా నమ్మింది, పాపం. నిలబడటానికి వచ్చేవాళ్ళకు ఇద్దామని పెద్ద ఫ్లాస్కు నిండా టీ పోసుకుని వెళ్ళింది.

మంగళవారం జల్లు పడింది. ఇంగ్లండులో జల్లు ఎవరూ ఊహించని ఉపద్రవం కదా! అధికారి వచ్చేసరికి స్టాపులో ఉన్నది హిల్డా, ఆమె ఫ్లాస్కు. ఎదురింటాయన కిటికీలోంచి బొటనవేలెత్తి ధైర్యం చెప్పాడు. కార్లలో పోయేవాళ్ళు హారన్ కొట్టి మరీ సంఘీభావం తెలిపారు. ఆమె మీద బురద చిందింది గానీ, అదంతా అభిమానమే.

బస్సు పోయింది. దానితో హిల్డా ఉద్యోగమూ పోయింది. ఊరు చలించిపోయి, ఏది పోయినా అక్కడివాళ్ళు చేసే పనే చేసింది. చందాలు వేసుకుని స్టాపులో ఒక బెంచీ వేయించింది. 'మేము ఇక్కడ హిల్డా పక్కన నిలబడ్డాం' అని దానికి ఇత్తడి పలక. ఆవిష్కరణ నాడు ఆమెను దానిమీద కూర్చోబెట్టి రూపర్ట్ గారు గద్గద స్వరంతో మాట్లాడుతుండగా ఆయన ఫోన్ మోగింది. పక్క ఊళ్ళో ఉండే ఆయన తల్లి. చెవుడు మనిషి కనుక ఆవిడ మాట సభకంతటికీ వినిపించింది.

"పొద్దుట్నుంచీ మంచం మీదే ఉన్నానురా రూపర్ట్. లేపి నిలబెట్టే దిక్కు లేదు. హిల్డా ఏదిరా?"

"మేమంతా నీకు అండగా నిలబడతామమ్మా" అన్నారు రూపర్ట్ గారు, అలవాటుకొద్దీ. ఆయనకు కారుంది, రెండు చేతులున్నాయి. ఆ సంగతి ఎవరికీ తట్టలేదు. అందరూ హిల్డా వైపే చూశారు.

హిల్డా బెంచీ మీంచి లేవలేదు. చేతిరుమాలుతో ఇత్తడి పలక తుడిచింది.

"వెళ్తానండీ. బస్సు ఎన్నింటికి?"