పదేళ్లు బతికే పెట్టెలు

అక్షరాలు దిద్దుకున్నది ముసలితనంలో. ఒత్తులూ దీర్ఘాలూ తప్పితే మన్నించండి. మెల్లగా రాశాను, మీరూ మెల్లగా చదవండి. ఇది మా కోడలి ఆఫీసు సంగతి.

"మన పెట్టెలు పదేళ్లు బతుకుతాయి! మనం పోయినా అవి పోవు!" అని పరిశోధన సంస్థ డైరెక్టరు గారు ప్రకటించారు. చప్పట్లు మోగాయి.

పెట్టెలంటే అగ్గిపెట్టెలంత సెన్సర్లు. గోడకొకటి. గదిలో మనిషి కదులుతున్నాడో లేదో కనిపెట్టి, తీగ అక్కర్లేకుండానే పక్క పెట్టెకి కబురు చెబుతాయి. ఎవరూ లేకపోతే దీపాలు ఆర్పేస్తాయి. ఒక్కోదానికి ఒక్క బ్యాటరీ. అది ఎన్నాళ్లొస్తుందో తేల్చడానికి కంప్యూటర్లో ఉత్తుత్తి భవనం కట్టి లెక్క వేశారు. సిమ్యులేషన్ అంటారట. బొమ్మల పెళ్లికి భోజనాల ఖర్చు ఉండదు కదా! ఆ భవనంలో తలుపుల్లేవు, బీరువాల్లేవు, మనుషుల్లేరు. ఒక పెట్టె ఒక్కసారి చెబితే రెండోది వినేస్తుంది. ఆపైన హాయిగా నిద్ర. పదేళ్లేం ఖర్మ, పాతికేళ్లయినా వస్తాయి!

అసలు భవనంలో మాత్రం చెవిటివాడి ముందు శంఖమే. బ్యాటరీని తినేది కబురు పంపడమే. ఇనప బీరువా వెనకున్న పెట్టె చెప్పిందే చెప్పి, అరిచిందే అరిచి, ఏడాది తిరక్కుండా కన్నుమూసింది. దాని వెనకే ఇంకో రెండు.

కోడలిది తాత్కాలిక ఉద్యోగం. నివేదిక మీద సంతకం ఆమెదే. పెడితే పర్మనెంటు. కంపెనీ మూతపడి మా అబ్బాయి ఇంట్లో కూర్చున్న రోజులవి.

"పదేళ్లని రాసి సంతకం పెట్టేయమ్మాయ్," అన్నారు డైరెక్టరు గారు.

"మూడు అప్పుడే పోయాయి సార్."

"సిమ్యులేషన్ తప్పంటావా?"

"అందులో బీరువాలు లేవు సార్."

డైరెక్టరు గారు కళ్లు మూసుకుని ఆలోచించారు. "అయితే తప్పు బీరువాలదే!"

మర్నాటికల్లా బీరువాలు వరండాలోకి నడిచాయి. తలుపులు ఊడిపోయాయి.

"బాత్రూం తలుపు కూడానా సార్?" హెడ్ గుమాస్తా అడిగాడు.

"సిమ్యులేషన్‌లో బాత్రూమే లేదయ్యా!"

పెట్టెల్ని తనిఖీ చేసే కమిటీ వచ్చే రోజు ఎవరూ కదలరాదని సర్క్యులర్ వెళ్లింది. మనుషులు అడ్డంగా తిరిగితే లెక్క చెడుతుందట.

"ఊపిరి పీల్చుకోవచ్చా సార్?"

"అత్యవసరమైతేనే!"

కమిటీ చైర్మన్ గారు వచ్చారు. తెరలు దించిన హాల్లో అందరూ రాతిబొమ్మల్లా కూర్చున్నారు. "తమరూ కాసేపు కదలకండి సార్," అని డైరెక్టరు గారు ఆయన్నీ బతిమాలారు. పెట్టెలు చూశాయి, చూశాయి. ఇక్కడ మనిషన్నవాడు లేడని తేల్చుకుని దీపాలన్నీ ఆర్పేశాయి.

చీకట్లోనూ ఒక్కరూ కదల్లేదు. సర్క్యులర్ మరి! చివరికి కోడలే లేచి రెండు చేతులూ ఊపింది. వెలుగొచ్చింది.

"ఏమిటమ్మా ఇది?" అన్నారు చైర్మన్ గారు.

"పెట్టెలు బాగానే పనిచేశాయండీ. మనుషులు లేరనుకున్నాయి."

"మరి బ్యాటరీలు ఎన్నాళ్లొస్తాయి?"

ఆయన వెనక నించి డైరెక్టరు గారు పది వేళ్లూ చూపించారు. కోడలికి ఇల్లు కళ్లముందు మెదిలింది. అయినా అనేసింది. "ఏడాది కూడా రావండీ. పదేళ్లంటే నేను సంతకం పెట్టలేను."

చైర్మన్ గారు ఆమెను పక్క గదిలోకి తీసుకెళ్లారు. తలుపు వేద్దామని చెయ్యి చాచారు. తలుపేదీ? గొంతు తగ్గించారు.

"చూడమ్మా, మా సంస్థలో పెట్టిన పెట్టెలూ ఏడాది రాలేదు. పన్నెండేళ్లని రాసుకున్నాం. నువ్విప్పుడు ఏడాదంటే మేం ఏ మొహం పెట్టుకుని తిరగాలి?"

తలుపుల్లేవు, బీరువాల్లేవు. ఒక్కసారి చెప్పిన మాట ఆ కొసన కూర్చున్నవాడి దాకా వినిపించింది. సిమ్యులేషన్ మొట్టమొదటిసారి నిజమైంది! హెడ్ గుమాస్తా సర్క్యులర్ మరిచిపోయి పొట్ట పట్టుకుని నవ్వాడు.

చైర్మన్ గారు ఎర్రబడి, దగ్గి, హాల్లోకొచ్చారు. "ఈ అమ్మాయి ఇంకా తాత్కాలికమేనా? ఈ పూటే పర్మనెంటు చేసేయండి. ఆ పదేళ్ల సంతకమేదో మీరే పెట్టండి," అని కాగితం డైరెక్టరు గారి ముందుకు తోశారు.

డైరెక్టరు గారు కలం మూత తీశారు. మళ్లీ పెట్టారు.

"సార్, ఈ సంతకం కూడా సిమ్యులేషన్‌లో పెడితే సరిపోదాండీ?"

— అందరికీ మామ్మని, డెబ్బై ఒకటో ఏడు నడుస్తోంది. ఉండేది ఆ కోడలి దగ్గరే, వంటింటి పక్క గదిలో.