పున్నారావు సైకిలు షికారు

మామిడికాయ అంతా దిగిపోయి తోటలు ఖాళీ అయిన ఆషాఢంలో, ఒకనాటి పొద్దున్నే బసవపున్నారావుకు సైకిలెక్కి అలా తిరిగి రావాలనిపించింది.

ఆ కోరిక వెనక రెండు నెలల బాధ ఉంది. కోతల రోజుల్లో ఆయన ఇల్లు ఇల్లులా ఉండదు. పంచలో కాయ గుట్టలు, వాకిట్లో బేరగాళ్లు, దొడ్లో ఎడ్లు. నూజివీడు నుంచి విస్సన్నపేట పోయే రోడ్డు మీద రాత్రనక పగలనక బళ్లే. ఇప్పుడు చివరి కలెక్టరు మామిడికాయ కూడా బెజవాడ వెళ్లిపోయింది. స్వరాజ్యం వచ్చి రెండేళ్లు కావస్తున్నా పెట్రోలు మాత్రం ఇంకా సరిగ్గా రాలేదు. పెట్రోలు బదులు బొగ్గుతో ఆ దారిన తిరిగే ఒక్కగానొక్క బస్సు మరమ్మతుకని పోయి అక్కడే ఉండిపోయింది. అటూ ఇటూ తోటలు, మధ్యలో ఎర్రమట్టి రోడ్డు, దాని మీద తను. చక్రాల చప్పుడు తప్ప ఇంకేమీ వినపడకూడదు. ఇదీ ఆయన పథకం. నలభై ఏళ్ల మనిషికి ఇంతకన్నా అమాయకమైన పథకం ఉండటం కష్టం.

సైకిలు వాకిట్లోకి దించుతుంటే భార్య సీతారావమ్మ పాలచెంబుతో ఎదురొచ్చింది.

"ఎక్కడికి బావా?"

"ఎక్కడికీ లేదు."

"ఎక్కడికీ లేకపోతే సైకిలెందుకు?"

"తొక్కడానికి."

"ఏ వైపుకి?"

ఇక్కడ పున్నారావు తడబడ్డాడు. చల్లగా, నీడగా ఉండేది ఉత్తరపు రోడ్డే. కానీ ఆ రోడ్డు చివర విస్సన్నపేట ఉంది. విస్సన్నపేటలో ఆయన అత్తగారు, సొంత మేనత్త కూడా అయిన వెంకాయమ్మ ఉంది. రెండేళ్ల కిందట ఒక పేరంటంలో ఆవిడ, "మా కోడలు పెట్టిన ఆవకాయ మళ్లీ కాయ వచ్చేదాకా నిలుస్తుంది. మా సీతది శ్రావణానికే బూజు పడుతుంది" అంది. ఆ మాట నిజం కావడంతో సీతారావమ్మ మరీ నొచ్చుకుంది. అప్పటి నుంచి తల్లీకూతుళ్లకు మాటల్లేవు, రాకపోకల్లేవు. ఆ ఊరి పేరు కూడా ఈ ఇంట్లో ఎత్తడానికి లేదు.

"ఊరికే... అలా," అని పున్నారావు చెయ్యెత్తి ఆకాశం వైపు చూపించి, ఇంకో ప్రశ్న పడేలోపు పెడలు తొక్కేశాడు.

ఊరు దాటగానే తోట కాపలా కాసే రాయప్ప కనిపించాడు.

"ఎటండీ బాబుగారూ, ఇంత పొద్దున్నే?"

"ఊరికే రాయప్పా."

"ఊరికేనా అండీ!"

రాయప్ప ఆ సైకిలు కనుమరుగయ్యేదాకా చూస్తూ నిలబడ్డాడు. సైకిలు మీద ఊరికే పోయే మనిషిని అతను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. మందు సంచీతో కాంపౌండరు పోతాడు, తంతి పట్టుకుని పోస్టుమేను పోతాడు. బాబుగారి దగ్గర సంచీ లేదు. మొహంలో మాత్రం అదో రకం ప్రశాంతత ఉంది. పెద్ద దుఃఖం వచ్చిపడిన వాళ్ల మొహం మొదట అలాగే ఉంటుందని రాయప్ప నమ్మకం. పైగా పోతున్నది విస్సన్నపేట దారి. అతను తిన్నగా ఇంటికి వెళ్లాడు.

"అమ్మగారూ, విస్సన్నపేటలో పెద్దమ్మగారికి ఎలా ఉందండీ?"

"మా అమ్మకా? ఏమైంది? ఎవరన్నారు?"

"ఎవరూ అన్లేదండీ. బాబుగారు ఆ దారిన పోతా ఉంటే చూశా. మొహం చూస్తేనే తెలిసిపోయిందండీ."

సీతారావమ్మకు అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. ఎక్కడికని అడిగితే చెప్పలేదు. ఏ వైపుకని అడిగితే ఆకాశం చూపించాడు. చేతిలో చెంబు జారి పాలన్నీ వాకిలి పాలయ్యాయి.

"అమ్మా! నన్ను వదిలి వెళ్లిపోయావా అమ్మా!"

ఎదురింటి బసవమ్మ పరుగున వచ్చింది. "నాతో చెప్తే నా గుండె ఆగిపోతుందని ఒక్కడే పోయాడు పిన్నీ!" అని సీతారావమ్మ ఆవిడ మీద పడి ఏడ్చింది. "దేవుడులాంటి మనిషి," అని బసవమ్మ కూడా ఏడ్చింది. కాసేపట్లో రెండు బళ్లు కట్టారు. పట్టినంతమంది ఎక్కారు, పట్టనివాళ్లు రాయప్పతో పాటు వెనక నడిచారు.

పున్నారావు అప్పటికి సగం దూరం పోయి, ఇంత నిశ్శబ్దం ఒక్కసారిగా అనుభవించడం కష్టమనిపించి, రోడ్డు దిగి ఒక తోటలో చెట్టు కింద నడుం వాల్చాడు. ఆకుల మధ్య ఉడుతలు తప్ప మరో ప్రాణి లేదు. హాయిగా నిద్రపట్టింది. నిద్రలో ఎడ్ల గంటలు, ఏవో అరుపులు వినిపించాయి. కోతలు అయిపోయాయి, ఇదంతా కలే కదా అని సంతోషించి పక్కకు తిరిగి పడుకున్నాడు.

ఆయన్ను లేపింది ఆ తోటల్లో పుల్లలేరుకునే ఇన్నమ్మ.

"అయ్యో బాబుగారూ, మీరింకా ఇక్కడే ఉన్నారేంటండీ? ఏడుపులు పోయి శానా సేపైంది."

"ఎవరి ఏడుపులు?"

"ఎంకాయమ్మగారు పోయారంట కదండీ, విస్సన్నపేటలో! సీతమ్మగారు బండి మీద గుండెలు బాదుకుంటా ఎళ్లారు."

పున్నారావు లేచి కూర్చున్నాడు. చిన్నప్పుడు తల్లి పోతే తనను ఒళ్లో కూర్చోబెట్టుకుని అన్నం పెట్టిన మేనత్త. భార్య అలిగిందని తనూ రెండేళ్లు ఆ గడప తొక్కలేదు. ఆవకాయ కోసం! కళ్లు తుడుచుకుంటూ సైకిలెక్కి, బళ్లు పోలేని డొంకదారిన అడ్డంపడ్డాడు. బురదలో రెండుసార్లు పడ్డాడు. బళ్లకన్నా ముందే విస్సన్నపేట చేరాడు.

వెంకాయమ్మ అరుగు మీద కూర్చుని కందులు చెరుగుతోంది.

పున్నారావు సైకిలు దిగాల్సిన పద్ధతిలో దిగలేదు. చేటలోని కందుల్లోకి దొర్లాడు.

"అత్తా... నువ్వు... ఉన్నావా!"

రెండేళ్లుగా మొహం చూపించని అల్లుడు ఒంటినిండా బురదతో, కళ్లనిండా నీళ్లతో, ఒంటరిగా వచ్చి పడ్డాడు. వెంకాయమ్మ ఆయన వెనక దారిలోకి చూసింది.

"ఏంట్రా పున్నా? సీత ఏదిరా?"

పున్నారావుకు ఊపిరి అందడం లేదు. చెప్పవలసినవన్నీ చెప్పాడు గాని, ఒక వరసలో చెప్పలేకపోయాడు.

"సీతని... బండిలో... ఏడుస్తూ... తీసుకొస్తున్నారు..."

వెంకాయమ్మ పెట్టిన కేకకు నాలుగు వీధులు కదిలాయి. "ఆవకాయ బూజు పడితే పడనీ అనుకోలేకపోయానే తల్లీ! నా నోటికి పురుగులు పడ!" అని ఆవిడ తల బాదుకుంటుంటే, కొడుకు కోటేశ్వరరావు ఏడుస్తూనే బండి కట్టాడు. పున్నారావుకు ఊపిరి అందగానే, "అయ్యో, సీతకేం కాలేదు! బాగానే ఉంది!" అని అరిచాడు. కోటేశ్వరరావు ఆయన భుజం మీద చెయ్యి వేసి, "తట్టుకో బావా. మొదట్లో ఎవరికైనా అలాగే అనిపిస్తుంది," అన్నాడు.

ఊరికి కొంచెం ఇవతల వాగు మీద ఒక్క బండి పట్టే వంతెన ఉంది. అటు నుంచి కూతుర్ని తలచుకుని ఏడుస్తూ తల్లి బండి, ఇటు నుంచి తల్లిని తలచుకుని ఏడుస్తూ కూతురి బళ్లు వచ్చి ఆ వంతెన మీద ఎదురెదురుగా నిలబడ్డాయి. రెండు ఏడుపులూ ఒక్కసారి ఆగిపోయాయి. బసవమ్మ దయ్యమనుకుని బండి వెనక నుంచి దూకింది.

"అమ్మా?"

"సీతా?"

ఇద్దరూ దిగి ఒకరి మొహం ఒకరు తడుముకుని, మొదటి నుంచి మళ్లీ ఏడ్చారు. ఈసారి ఏడుపులో బాగా తేడా ఉంది. అంతా స్థిమితపడ్డాక విచారణ మొదలైంది. బసవమ్మ సీతారావమ్మను చూపించింది, సీతారావమ్మ రాయప్పను చూపించింది.

"నేనేమన్నానండీ? ఎలా ఉందని అడిగా," అన్నాడు రాయప్ప.

చివరికి అందరి చూపులూ సైకిలు నడిపించుకుంటూ వచ్చిన పున్నారావు మీద పడ్డాయి.

"అసలు నువ్వెందుకు బయల్దేరావురా?" అంది వెంకాయమ్మ.

"ఊరికే తిరిగొద్దామని, అత్తా."

"పనీపాటా లేకుండా రోడ్డు మీద తిరుగుతారా ఎవరైనా?" అని తల్లీకూతుళ్లు ఒకే గొంతుతో అన్నారు. రెండేళ్లలో వాళ్లిద్దరికీ కుదిరిన మొదటి మాట అదే.

వెంకాయమ్మ ఇక కూతురింటికే వస్తానంది. ఆవిడ బండిని వంతెన మీద వెనక్కి తోస్తుంటే చక్రం గుంటలో దిగి ఇరుసు విరిగింది. మిగతా బళ్లలో కాలు పెట్టడానికి చోటు లేదు.

"సైకిలుందిగా," అంది వెంకాయమ్మ.

"అమ్మా! నలుగురూ చూస్తే ఏమనుకుంటారే?"

"చూడ్డానికి ఈ రోడ్డు మీద ఎవరున్నారే?"

ఆవిడ కొంగు బిగించి వెనక కూర్చుంది. మనుషుల బరువుకు బళ్లు మెల్లగా నడుస్తున్నాయి, వాటిలో అందరూ ఒకేసారి మాట్లాడుకుంటున్నారు. సైకిలు వాటిని దాటి ముందుకు వచ్చేసింది. కాసేపటికి ఆ మాటలు సన్నగిల్లి, అసలే వినపడకుండా పోయాయి. అత్త నోరు మెదపలేదు. కోపంగా ఉందనుకుని పున్నారావు కూడా నోరెత్తలేదు.

"ఒరేయ్ పున్నా, ఒక్కసారి ఆపు."

"నడుం పట్టిందా అత్తా?"

"కాదు. విను."

పున్నారావు విన్నాడు. వినడానికి ఏమీ లేదు.

"అత్తారింట్లో అడుగుపెట్టిన దగ్గర్నుంచీ ఒక్క పూట ఇలా వినలేదురా," అంది వెంకాయమ్మ నెమ్మదిగా. "దీనికోసమేనా నువ్వు బయల్దేరింది?"

"అవునత్తా. చెప్తే ఎవరూ నమ్మలేదు."

"నేనూ నమ్మలేదుగా. సరే, వెనక బళ్లొచ్చేస్తాయి. ఇంకేదైనా దారి ఉందా?"

ఉంది. తోటల చుట్టూ తిరిగి పోతుంది, బాగా దూరం కూడా. ఇద్దరూ ఆ దారి పట్టారు. పొద్దు వాలుతుండగా ఇల్లు చేరేసరికి తలుపులు బార్లా తీసి ఉన్నాయి, లోపల ఒక్కరూ లేరు. వీధి కూడా ఖాళీగా ఉంది. నడవలేక ఇంటి దగ్గరే ఉండిపోయిన ముసలమ్మ ఒకావిడ ఎదురింటి అరుగు మీద నుంచి కేకేసింది.

"ఎక్కడికి పోయారయ్యా? బళ్లొచ్చేసరికి మీరు ఇంట్లో లేకపోతే, సైకిలుతో సహా వాగులో పడ్డారని ఊరంతా వెతకడానికి పోయారు!"

పున్నారావు గబగబా సైకిలు తిప్పాడు. "నేను పోయి చెప్పొస్తానత్తా."

వెంకాయమ్మ అరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చుని, ఖాళీ ఇంటినీ ఖాళీ వీధినీ ఒకసారి చూసింది.

"కూర్చోరా. కాసేపు వెతకనీ."

వాళ్లు చాలా శ్రద్ధగా వెతికారు.