రెండు వేళ్ల మర్యాద

ఆ ఉదయం పథకం సాదాసీదాగానే ఉంది. ఊయి బూన్ తాట్ మనీలాలోని కాసినోకి వెళ్లి పోకర్ పోటీ చివరి రోజు ఆట గెలవాలి. ఆయన భార్య గ్వాట్ హూన్ అక్కడి బినోండో బజారుకి వెళ్లి, తమ ఊరు పెనాంగ్‌లో చుట్టాలకి పంచడానికి పెసరపూర్ణం పెట్టిన హోపియా మిఠాయిలు కొనాలి. సాయంత్రం ఇద్దరూ విమానం ఎక్కాలి. ఇందులో కష్టమైన పని హోపియాలదేనని బూన్ తాట్ గట్టి నమ్మకం.

పెనాంగ్‌లో ఆయనకి ఇనప సామాన్ల కొట్టు ఉంది. కొట్టు ముందు భాగంలో గ్వాట్ హూన్ మేకులు తూచి అమ్ముతుంది, వెనక భాగంలో ఈయన స్నేహితులతో పేకాడతాడు. ఇన్నేళ్లుగా ఆవిడ నెత్తీ నోరూ కొట్టుకున్నా లాభం లేకపోయింది. ఫైనల్‌కి చేరానన్న ఊపులో నిన్న హోటల్ గదిలో తనంతట తానే ఆవిడ మెళ్లోని కువాన్ యిన్ అమ్మవారి లాకెట్ మీద చెయ్యి వేశాడు.

"రేపు ఓడితే జన్మలో పేకముక్క ముట్టను. గెలిస్తే నువ్వు జన్మలో నోరెత్తకూడదు."

"సరే. ఆ 'ముట్టను' అన్న ముక్క ఇంకోసారి గట్టిగా చెప్పండి. అమ్మవారికి సరిగ్గా వినపడి ఉండదు."

తీరా తెల్లారాక గ్వాట్ హూన్ మనసు మార్చుకుంది. హోపియాలు ఎప్పుడైనా దొరుకుతాయి, మొగుడు ఓడిపోవడం కళ్లారా చూసే అదృష్టం మళ్లీ రాదు. చేతిసంచి తగిలించుకుని వచ్చి బల్ల చుట్టూ కట్టిన తాడు పట్టుకుని నిలబడింది. బూన్ తాట్ కుర్చీకి ఆవిడకీ మధ్య జానెడు దూరం.

బల్ల దగ్గర కూర్చున్నవాళ్లలో ఇద్దరి గురించి చెప్పుకుంటే చాలు. ఒకాయన కొరియా నుంచి వచ్చాడు. ఇంట్లోనూ తీస్తాడో లేదో తెలియని నల్లద్దాలు పెట్టుకున్నాడు. రెండో ఆవిడ పెనాంగ్ వైపు ఈపో ఊరికి చెందిన మేడమ్ యాప్. ఏసీ చలికి ఊలు కోటు తొడుక్కుని, మధ్యమధ్యలో కణతలకి తలనొప్పి నూనె రాసుకుంటూ, బస్సు కోసం ఎదురు చూస్తున్నంత తీరిగ్గా ఆడుతోంది.

మొదట్లోనే బూన్ తాట్‌కి దివ్యమైన ముక్కలు పడ్డాయి. చేతిలో రెండు ఆసులు, బల్ల మీద అందరికీ కలిపి పరిచిన ముక్కల్లో మూడోది. భారీ పందెం కాయడానికి గుండెల నిండా ఊపిరి పీల్చాడు. సరిగ్గా అప్పుడే జెన్లిన్ అనే అమ్మాయి వచ్చి ఆయన కప్పులో టీ పోసింది. ఆయన రెండు వేళ్లతో బల్ల మీద టకటకా తట్టాడు.

పాపం, ఆయన తప్పేం లేదు. వాళ్లమ్మ నడిపిన టీ అంగట్లో పెరిగాడు. ఎవరైనా టీ పోస్తే రెండు వేళ్లతో బల్ల తట్టాలి, అదే దండం పెట్టడం. తట్టడం మరిచిపోతే అమ్మ గరిటె నెత్తిన తట్టేది. అప్పటినుంచీ టీ పడితే ఆ వేళ్లు బుర్రని అడక్కుండానే లేస్తాయి. కానీ పోకర్ బల్ల తడితే, ఆటలో ఉంటూనే పందెం కాయకుండా ఆ వంతు వదిలేసినట్టు లెక్క.

"వదిలేశారు!" అని అరిచాడు ముక్కలు పంచే రోడెల్.

"నేనా? నేను వదిలేశానా?"

రోడెల్ నోరు విప్పకుండా కనుబొమలు ఎగరేశాడు. మనీలాలో అలా చేస్తే అవునని అర్థం. బూన్ తాట్‌కి మాత్రం తనతోపాటు అతనూ ఆశ్చర్యపోయినట్టు కనిపించింది.

"చూశావా, నీకూ వింతగానే ఉంది!"

ఈలోగా నల్లద్దాలాయన, ఈ ముసలాడి దగ్గర ఏమీ లేదని తేల్చుకుని, తన పందెపు బిళ్ళల్లో సగం ముందుకి తోసేశాడు. బూన్ తాట్ కూడా అంత పందెమూ కాసి మూడు ఆసులు చూపించాడు. అంత మంచి ముక్కలు పెట్టుకుని అంత అమాయకంగా వంతు వదిలేసినవాడు మామూలు మనిషి కాడని అందరికీ అర్థమైపోయింది.

తర్వాతి ఆటల్లో చెత్త ముక్కలు వచ్చాయి. టీ వచ్చింది. తట్టాడు. ఇదీ ఉచ్చేనని అందరూ హడలిపోయి ముక్కలు పడేశారు. మళ్లీ టీ, మళ్లీ తట్టడం, మళ్లీ పడేయడం. బూన్ తాట్‌కి అసలు సంగతి తెలియదు కాబట్టి తన మొహంలోనే ఏదో తేజస్సు ఉందనుకున్నాడు. పొంగిపోయి జెన్లిన్‌కి జేబులోంచి టిప్పు ఇచ్చాడు. టిప్పు అందిన అమ్మాయి రెట్టింపు శ్రద్ధగా టీ పోసింది. ఆ దండం సంగతి తెలిసిన మేడమ్ యాప్ ఒక్కతే నూనె సీసా వెనక పెదవి కొరుక్కుని నవ్వాపుకుంటోంది.

చివరికి నల్లద్దాలాయన లేచి నిలబడ్డాడు.

"మేనేజర్! ఇది మోసం! ఆ పిల్ల తిరుగుతూ తిరుగుతూ మా ముక్కలు చూస్తోంది. టీ పోసి సైగ చేస్తోంది, ఈయన తడుతున్నాడు. ఇద్దరూ కలిసిపోయారు!"

తాడు అవతల చెవులు నిక్కాయి. "ఏవండీ! ఎవరితో కలిసిపోయారు?"

"నువ్వుండవే బాబూ!"

మేనేజర్ వచ్చాడు. జెన్లిన్‌ని పక్కకి రమ్మని, బొత్తాం దగ్గర పెట్టుకున్న పేరుబిళ్ళ తీసి ఇమ్మన్నాడు. ఆ పిల్ల కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అప్పుడు తెలిసింది బూన్ తాట్‌కి, ఇందాకటినుంచీ తనని గెలిపిస్తున్నది మొహంలో తేజస్సు కాదని. నోరు మూసుకుంటే ఆ భయం అందరిలో అలాగే ఉంటుంది, ఆట గెలవచ్చు, జీవితాంతం పేకాడుకోవచ్చు. నోరు విప్పితే నవ్వులపాలు.

"అమ్మాయిని వదిలేయండి సార్. అది సైగా కాదు, నా బొందా కాదు. టీ పోసినందుకు దండం పెడుతున్నా."

బల్లంతా ఘొల్లుమంది. మేనేజర్ పేరుబిళ్ళ తిరిగి ఇచ్చేశాడు. "మర్యాద మీ ఇష్టం సార్. బల్ల తడితే మాత్రం వంతు వదిలేసినట్టే."

ఇక చూసుకోండి ఆదరణ! బూన్ తాట్ పందెం కాద్దామని కదలడం ఆలస్యం, ఎవడో ఒకడు "బాస్, కొంచెం టీ!" అంటూ కప్పు నింపేవాడు. నల్లద్దాలాయన సొంత ఖర్చుతో కెటిల్ తెప్పించాడు. వేళ్లు లేవడం, రోడెల్ "వదిలేశారు!" అనడం. బిళ్ళల గుట్ట కరిగిపోతోంది, పొట్ట ఉబ్బిపోతోంది. చివరికి విసుగెత్తి రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చుని, పందేలు నోటితోనే చెప్పసాగాడు. దాంతో ఆట తిరిగింది. మిగతావాళ్లు టీ పోయడం మీద పెట్టిన శ్రద్ధ ముక్కల మీద పెట్టలేదు, ఒక్కొక్కరే ఓడిపోయారు. నల్లద్దాలాయన కెటిల్ వదిలేసి వెళ్లిపోయాడు. మధ్యాహ్నానికి బల్ల దగ్గర మిగిలింది ఇద్దరే, బూన్ తాట్, మేడమ్ యాప్.

ఆ ఆటలో బూన్ తాట్ చేతికి రెండు రాజులు వచ్చాయి. బల్ల మీద ఇంకో రాజు, రెండు తొమ్మిదులు. అప్పటికే ఇద్దరి బిళ్ళలూ చాలావరకు మధ్యలో పడ్డాయి. మిగిలినవి కూడా తోసేస్తే గెలిచినట్టే. కానీ ఆనందం మొహం మీదికి తన్నుకొచ్చేస్తోంది. దాన్ని దాచడానికి పక్కనున్న సియోపావ్ బన్ను అమాంతం నోట్లో కుక్కుకుని, గబగబా చేతుల మీద కూర్చున్నాడు. ఇది మింగి "అంతా పెడుతున్నా" అనడమే తరువాయి.

మేడమ్ యాప్ లేచింది. నల్లద్దాలాయన వదిలేసిన కెటిల్ రెండు చేతులతో ఎత్తి, తల కాస్త వంచి, ఎంతో గౌరవంగా కప్పు నింపింది.

"పొద్దున్నుంచీ అలిసిపోయావు, తాగు తమ్ముడూ."

పెద్దావిడ. రెండు చేతులతో పోసింది. తొడల కింద వేళ్లు చేపపిల్లల్లా కొట్టుకున్నాయి. బూన్ తాట్ లొంగలేదు. కళ్లు గట్టిగా మూసుకుని బన్ను నమిలాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆయన అమ్మని ఓడించాడు.

టక, టక.

కళ్లు తెరిచాడు. తాడు మీంచి ఒక చెయ్యి ఆయన భుజం దాటి వచ్చి బల్ల మీద ఉంది. దానికి గ్వాట్ హూన్ గాజులున్నాయి.

రోడెల్ మేనేజర్ వంక చూశాడు. మేనేజర్ నిట్టూర్చాడు. "తాడు అవతలి మనిషి ఆటలో చెయ్యి పెడితే ఆ ముక్కలు చెల్లవు సార్." రోడెల్ మూడో రాజుని బల్ల మీదే వదిలి, మిగతా రెండు రాజుల్నీ బోర్లించి తీసుకుపోయాడు. మధ్యలో బిళ్ళలన్నీ మేడమ్ యాప్ వైపు వెళ్లాయి. మిగిలిన కాసినీ ఆ తర్వాతి ఆటలో పోయాయి.

బన్ను అప్పటికి దిగింది. "ఎంత పని చేశావే!"

"ఏం చేశానండీ? పెద్దావిడ టీ పోస్తే బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంటారా? మీ అమ్మగారు చూస్తే ఏమనుకుంటారు?"

"మా అమ్మ పోయి ఎన్నేళ్లయింది!"

"అందుకే నేను తట్టాల్సొచ్చింది."

బూన్ తాట్‌కి ఏడుపొచ్చింది. కొట్టు వెనక గది, స్నేహితులు, ముక్కలు కలుపుతున్నప్పుడు వచ్చే ఆ చప్పుడు, అన్నీ కళ్ల ముందు తిరిగాయి. అమ్మవారి మీద పెట్టిన ఒట్టు. ఇక జన్మంతా మేకులు తూచడమే.

మేడమ్ యాప్ బహుమతి కప్పు అందుకుని ఫొటోలు దిగి, తిన్నగా గ్వాట్ హూన్ దగ్గరికి వచ్చింది. "ఏం పెంపకం తల్లీ! మొహంలో ఏమీ కనపడనివ్వకుండా మొగుణ్ణి రెండు వేళ్లతో ముంచేశావు. ఇన్నేళ్లుగా ఆడుతున్నా, నాకే చేతకాలేదు. వెళ్లడానికి ఇంకా టైముందిగా? రా, అక్కడ చిన్న పందేల బల్ల ఉంది, పక్కన కూర్చుని నేర్పుతా."

గ్వాట్ హూన్ కాసేపు బెట్టు చేసింది. ఆ తర్వాత ఆ చిన్న బల్ల దగ్గరికి వెళ్లి, కుర్చీ లాక్కుని కూర్చుంది.

"రాజు పెద్దా, ఆసు పెద్దా అక్కయ్యా?"

"ఇదేమిటే!" గుడ్లు తేలేశాడు బూన్ తాట్. "మనం ఒట్టు పెట్టుకున్నాం!"

"మనం కాదండీ, మీరు. లాకెట్ మాత్రమే నాది." ముక్కలు అందుకుంటూ చేతిసంచి ఆయన చేతిలో పెట్టింది. "అలా పక్కన నిలబడండి, వెలుతురుకి అడ్డొస్తున్నారు."

బూన్ తాట్ పక్కకి జరిగి, సంచి పట్టుకుని నిలబడ్డాడు.