సోరియాసిస్ ఉన్నవాడికి మర్యాదెక్కువ

మీలో సోరియాసిస్ లేనివాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. మిమ్మల్ని ఎవరు పట్టించుకుంటారు? నా మోచేతులు చూడగానే ముక్కూమొహం తెలియనివాళ్లు కూడా ఆగి, వంకాయ మానేశావా అని అడుగుతారు. ఇంత ఆప్యాయత బీపీ పేషెంటుకు దొరుకుతుందా?

పెళ్లి భోజనాల్లో నా పక్కన ఎప్పుడూ విశాలమైన జాగా ఉంటుంది. సెలూన్లో నాకోసం ఉతికిన తువ్వాలు తీస్తారు. ఏ వీఐపీకుంది ఈ మర్యాద!

జబ్బు ఎందుకొచ్చిందన్న పరిశోధన కూడా ఉచితమే. ఎప్పుడో పామును చంపి ఉంటానని మా అత్తమ్మ బీరమ్మ తేల్చింది. నేను బల్లిని చూస్తేనే మంచమెక్కే మనిషిని. అయినా ఎందుకైనా మంచిదని పానగల్ గుడికి పోయి, నేను చంపని ఆ పాముకు క్షమాపణ చెప్పుకుని వచ్చాను.

ఇది అంటువ్యాధి కాదని ఊరందరికీ ఉపన్యాసాలిస్తాను. ఇంట్లో మాత్రం నా సబ్బు వేరు, నా గ్లాసు వేరు.

"అంటుకోదని డాక్టర్ చెప్పిండు గద, మల్ల గా గ్లాసు దాస్తవేంది?" అని మా ఆవిడ మంజులత అడిగింది.

డాక్టరుకు జబ్బు పుస్తకంలోనే తెలుసు, నాకు ఒంటిమీద తెలుసన్నాను.

మొన్న నల్లగొండలో చర్మ వైద్యుడి గది ముందు బెంచీ మీద కూర్చున్నాను. పక్కన ఉప్పలమ్మ అనే పెద్దామె, మగ్గం నేస్తుందట. ఆమె చేతుల నిండా నాకున్నలాంటి పొలుసులే. ఎండకు గొంతు ఎండిపోయి నేను దగ్గుతుంటే తన నీళ్ల సీసా అందించింది.

నా చేయి ముందుకు పోలేదు.

"తాగు సారూ. నీకున్నదే నాకున్నది. కొత్తగ ఏమంటుకుంటది?"

సిగ్గేసింది. ఎత్తి పోసుకోకుండా మూతి పెట్టి మరీ తాగాను. ఏదో సంఘసంస్కరణ చేసినవాడిలా సీసా తిరిగిచ్చాను.

ఉప్పలమ్మ దాని మూతిని కొంగుతో తుడిచింది. సరిపోలేదేమో, మళ్లీ తుడిచింది.

ఊరంతా పక్కకు జరిగినా పడని బాధ, నాలాంటి మనిషి తుడిస్తే పడ్డాను.

"అమ్మా, గిది అంటుకునే రోగం కాదు" అన్నాను.

"నాకెరుక లేదా సారూ? మా వాడకట్టుల అందరికి నేనే చెప్త" అంది ఉప్పలమ్మ, తన వేళ్లకేసి చూసుకుంటూ. "గీ చెయ్యికే ఎరుకైతలేదు."

అని, ఇంకోసారి తుడిచింది.