గురకేశ్వరరావు డ్యూటీ ఎక్కిన రోజు

ఆ ఉదయం బస్సు డ్రైవరు వేసుకున్న పథకం చిన్నదే. రెండు ట్రిప్పులు తిప్పి, పదకొండింటికి క్లినిక్కులో ఏడాదికోసారి చేసే ఫిట్‌నెస్ పరీక్ష ముగించుకుని, భోజనం వేళకు ఇల్లు చేరాలి. పాటలకూ, డిపోకూ, క్లినిక్కుకూ కూతురు ఒకే లాగిన్ పెట్టింది. "ఇక ఒక్క పాస్‌వర్డ్ గుర్తుంటే చాలు నాన్నా" అంది. ఆ ఒక్కటీ ఆయన భార్యకే గుర్తుండేది.

ఆయన స్నానానికి వెళ్ళగానే ఆమె ఆయన ఫోనులో పాటలు పెట్టుకోబోయింది. ఆయన గురకకు రాత్రంతా నిద్ర లేక కళ్ళు మండుతున్నాయి. తెర మీద "పేరు మార్చుకుంటారా?" అని కనబడింది. కసికొద్దీ "గురకేశ్వరరావు" అని కొట్టింది. పాటల దగ్గరే కదా, సాయంత్రం చూసి నవ్వుకుంటాడనుకుంది. లాగిన్ ఒకటే గనక పేరు అన్నిచోట్లా మారుతుందని ఆమెకు తెలియదు.

డిపోలో హాజరు తెర మీద ఆయన ఫొటో కింద అదే పేరు ఉంది.

"ఏమయ్యా, పేరెప్పుడు మార్చుకున్నావ్?" అన్నాడు సూపర్‌వైజరు.

"నేనెక్కడ మార్చుకున్నాను సార్?"

"సరే, ముందు బండి తియ్యి. తర్వాత చూద్దాం."

బండి తీశాక అసలు సంగతి మొదలైంది. లోపలి బోర్డు మీద "మీ డ్రైవరు: గురకేశ్వరరావు" అని ఎర్రటి అక్షరాలు పరుగెడుతున్నాయి. మొదటి స్టాపులో ముగ్గురు ఎక్కారు. చదివి, ఇద్దరు దిగిపోయారు. మూడో ఆవిడ రిటైరైన టీచరు. డ్రైవరు వెనక సీట్లోనే కూర్చుంది.

"బాబూ, పదమూడో ఎక్కం చెప్పు."

"ఎందుకమ్మా?"

"చెబుతూ ఉంటే మెలకువగా ఉంటావు."

పదమూడు ఎనిమిదుల దగ్గర ఆయన తడబడ్డాడు. తర్వాతి స్టాపుల్లో ఎక్కినవాళ్ళతో సహా బస్సంతా కలిసి సరిదిద్దింది. ఎవరో డిపోకు ఫోను కూడా చేశారు. రెండో ట్రిప్పు రద్దయింది. "క్లినిక్కు కాగితం తెచ్చేదాకా స్టీరింగు ముట్టుకోకు" అన్నాడు సూపర్‌వైజరు.

క్లినిక్కులో నర్సు హాలంతా వినబడేలా గురకేశ్వరరావుగారిని పిలిచింది. రెండుసార్లు ఆయన తనని కాదన్నట్టు కూర్చున్నాడు. మూడోసారికి తల దించుకుని లేచాడు.

డాక్టరమ్మ నవ్వలేదు. "ఈ పేరు ఎవరు పెట్టారు?"

"మా ఆవిడే అయ్యుంటుంది. పాస్‌వర్డ్ తనకే తెలుసు."

"ఫోను చెయ్యండి. నేను మాట్లాడతాను."

స్పీకరులో సంగతంతా విని భార్య హడలిపోయింది. "తప్పు నాదే డాక్టరుగారూ. ఆయన ఉద్యోగానికేం కాదు కదా?"

"అది తర్వాత చూద్దాం. గురక మధ్యలో ఊపిరి ఆగుతుందా?"

"ఆగుతుందండీ. మళ్ళీ వచ్చేదాకా అంకెలు లెక్కపెట్టుకుంటాను. పది దాటితే తట్టి కదుపుతాను."

"ఎన్నాళ్ళ నుంచి?"

"రెండేళ్ళయింది. చెబితే బెంగ పెట్టుకుంటారని చెప్పలేదు."

భార్యను కడిగెయ్యాలని దారంతా కూడబెట్టుకొచ్చిన మాటలు డ్రైవరు మరిచేపోయాడు. మధ్యాహ్నాలు స్టీరింగు ముందు రెప్పలు వాలిపోవడం, వెనక నలభై మంది కూర్చుని ఉండటం గుర్తొచ్చాయి.

"బండి నడిపేటప్పుడు నాకు కునుకొస్తోందండీ" అన్నాడు మెల్లిగా. ఆ మాట ఆయన అంతవరకు ఎవరికీ చెప్పలేదు.

ఫిట్‌నెస్ కాగితం రాలేదు. నిద్ర పరీక్షకు చీటీ వచ్చింది. ఆపైన ముక్కుకు తగిలించుకు పడుకునే గాలి యంత్రం వచ్చింది. రెండు నెలలు డిపోలో బల్ల ముందు కూర్చోబెట్టి, అప్పుడు మళ్ళీ బండి చేతికిచ్చారు.

ఇప్పుడు ఆయన ఐదింటికే హుషారుగా లేస్తున్నాడు. భార్య ఎనిమిదింటి దాకా కదలడం లేదు. కాఫీ ఆయనే పెట్టుకుంటున్నాడు.